బోరుబావి కింద సముద్రం

నాగల్‌గిద్ద నుంచి ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఆ ఊరి కుర్రాడొకడు నిన్న రాత్రి ల్యాప్‌టాప్ ఛార్జింగ్ అయిపోయేదాకా నీళ్లలోనే ఉన్నాడు, కాళ్లు తడవకుండా.

ఆడింది ‘అబ్జూ’ అనే వీడియో గేమ్. ‘జర్నీ’ గేమ్‌కి కళా దర్శకుడిగా పనిచేసిన మ్యాట్ నావా స్థాపించిన జెయింట్ స్క్విడ్ సంస్థ దీన్ని 2016 ఆగస్టులో తెచ్చింది. ఈ గేమ్‌లో పాయింట్లు లేవు, ఆక్సిజన్ అయిపోతుందన్న కంగారూ లేదు. పెద్ద చేప వీపు పట్టుకుంటే అదే మోసుకుపోతుంది. సొరచేప ఆకారంలో ఉన్న రాతి విగ్రహం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, ఒక్కో చేప వెంట కెమెరా నడుస్తుంది, కింద దాని పేరు పడుతుంది. వాడు ఎక్కువసేపు గడిపింది అక్కడే. ఆస్టిన్ వింటరీ సంగీతం హెడ్‌ఫోన్స్‌లో వినాల్సిందే, ల్యాప్‌టాప్ స్పీకర్‌కు అందదు.

గేమ్ మొత్తం రెండు గంటలు. డబ్బులకు తక్కువే అనిపించొచ్చు.

మెసొపొటేమియా పురాణాల్లో అబ్జూ అంటే నేల కింద ఉండే మంచినీటి సముద్రం. బోరు వేసి, దుమ్ము లేస్తుంటే తలపట్టుకున్న ఊళ్లకు ఈ ఊహ కొత్తది కాదు.

వెనక నుంచి నాయనమ్మ తొంగిచూసింది.

“ఏం జేస్తున్నవ్‌రా?”

“చేపలు చూస్తున్న.”

“పట్టవా మరి?”

“పట్టుడు లేదే, చూసుడే.”

“గట్లయితే మంజీరకే పోరాదు” అని, దీపం ఆర్పి పడుకుంది.