పాత మిషన్ల మీద పచ్చరంగు

పాత లేతు మిషన్లకు పచ్చ పెయింటు కొట్టి అమ్మే పద్ధతి ఎవడు మొదలుపెట్టాడో గానీ, తలచుకుంటేనే ఒళ్లు మండుతుంది. మొన్న మళ్లీ ఫోనుకు ఫొటోలు వచ్చాయి. ఆరడుగుల బెడ్డు, నిగనిగలాడే పచ్చరంగు, హ్యాండిళ్ల గుండ్లకు ఎరుపు. కింద "కండిషన్ సూపర్ సార్, గింత మంచి మిషన్ మళ్ల దొరకది" అని రెండు ముక్కలు. నాలుగు పక్కల నుంచీ తీశాడు. చక్కు దగ్గర బెడ్డు ఎలా ఉందో చూపించే ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. ఉండదు.

వారమంతా ఆఫీసులో ఫైళ్లు చూసుకుని, ఆదివారం పూట పెరటి రేకుల షెడ్డులో ఇనుముతో కుస్తీ పట్టే నాబోటి వాళ్లకు కొత్త మిషను అందే సరుకు కాదు. బాలానగర్ సందులో, జీడిమెట్లో, బెజవాడ ఆటోనగరో తిరిగి సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. ఎక్కడికి పోయినా వరసగా నిలబెట్టిన పచ్చటి మిషన్లే ఎదురొస్తాయి. కిరసనాయిలుతో కడిగి, పుట్టీ పెట్టి, ఎమిరీ కాగితంతో రుద్ది, స్ప్రే కొట్టి పెడతారు. అయ్యా, ఆ జిడ్డే కదా నాకు కావలసింది! జిడ్డు ఉంటే నూనె ఎక్కడ కారుతోందో కనపడుతుంది. ఏ హ్యాండిలు ఎక్కువ తిప్పారో, ఏది ఏళ్ల తరబడి ముట్టుకోలేదో కనపడుతుంది. పోతలో పగులొస్తే వెల్డింగ్ పెట్టిన మచ్చ కనపడుతుంది. పశువుల సంతలో గేదె కొమ్ములకు నూనె రాసి, పొద్దున పాలు పితక్కుండా పొదుగు నిండుగా చూపించేవాడి ముందు కొనేవాడు "ఓ పూట పితికి చూస్తా" అనగలడు. లేతు దగ్గర ఆ మాటంటే మాత్రం "కరెంటు లేదు సార్" అంటారు.

కరెంటు లేకపోయినా చూడగలిగింది ఒకటుంది. చిన్న పనులన్నీ చక్కు పక్కనే జరుగుతాయి కనుక బెడ్డు అరిగేది అక్కడే. టెయిల్‌స్టాక్ వైపు చివర దాదాపు కొత్తగానే ఉండిపోతుంది. శాడిల్‌ను చక్కు దగ్గరకు తెచ్చి, దాని బిగింపును కొంచెం గట్టిగా కదిలేంత వరకు బిగించి, చేత్తో తిప్పుకుంటూ అటు చివరికి తోలాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేసి ఆగిపోయిందంటే బెడ్డు అరిగిందన్నమాటే. వేలి గోరుతో బెడ్డు అంచు తడిమినా మెట్టు తగులుతుంది. దాన్ని ఏ పెయింటూ దాచలేదు, ఎందుకంటే అక్కడ పెయింటు కొట్టలేరు. ఈ ఒక్క పనీ చేస్తే అమ్మేవాడి ముఖంలో మర్యాద మారిపోతుంది; టీ తెప్పిస్తాడు.

కరెంటు ఉంటే అన్ని స్పీడుల్లోనూ తిప్పించి, హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెట్టి వినాలి. ఓ కడ్డీ పట్టించి పల్చటి కోత తీయించి, రెండు చివర్లూ మైక్రోమీటరుతో కొలవాలి. తేడా వచ్చిందని వెంటనే లేచిపోనక్కర్లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉండి బెడ్డు కాస్త మెలి తిరిగినా తేడా వస్తుంది, అది లెవెల్ పెట్టి పాదాలు సరిచేస్తే పోతుంది. అరుగుదలైతేనే పోదు, గ్రైండింగ్‌కు పంపాలి, ఆ ఖర్చుతో ఇంకో మిషను వస్తుంది. క్రాస్ స్లయిడ్ హ్యాండిలు పావు చుట్టు వదులుగా తిరుగుతోందని బేరం వదులుకునే వాళ్లను చూశాను. అది కొత్త నట్టు వేయిస్తే పోయేది. అలాంటిదానికి బెంగపడేవాళ్లు థ్రెడ్డు గేర్ల సెట్టు ఉందా లేదా అని మాత్రం అడగరు. అవి పోయిన లేతు మరలు కొయ్యడానికి పనికిరాదు, విడిగా వెతికి తెచ్చేసరికి జుట్టు నెరుస్తుంది.

పేర్ల సంగతి. హెచ్‌ఎంటీ 1953లో బెంగుళూరులో స్విట్జర్లాండు వాళ్ల ఓర్లికాన్ సాయంతో మొదలైంది. హరిహర్‌లో మైసూర్ కిర్లోస్కర్ అంతకు ముందే, 1941లో. మన సికింద్రాబాదు ప్రాగా టూల్స్ 1943లో, యుద్ధం రోజుల్లో. ఈ మూడింటి పాత సరుకు మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. ముఖ్యంగా ప్రాగా సర్ఫేస్ గ్రైండరు. హైదరాబాదులో టూల్‌రూములో పనిచేసిన పెద్దవాళ్లను దాని గురించి అడిగి చూడండి, గొంతు తగ్గించి మాట్లాడతారు. బటాలా, రాజ్‌కోట్ లేతులు నాసిరకం అనను. గేట్లకు, ట్రాక్టర్లకు బతుకంతా చాకిరీ చేస్తాయి. కాకపోతే వాటికి హెచ్‌ఎంటీ ప్లేటు అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు. ప్లేటు చుట్టూ రివెట్లు కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి.

ఇంటికి తెచ్చుకోవడం మరో పురాణం. పెద్ద లేతు టన్నుకు పైనే తూగుతుంది. హైడ్రా క్రేను మా సందులో తిరగదు. పైపుల మీద దొర్లించాలి. ఇంట్లో త్రీఫేజు లేకపోతే వీఎఫ్‌డీ డబ్బా పెట్టుకోవచ్చు గానీ, అది ఇచ్చేది రెండొందల ఇరవై వోల్టులే. నాలుగొందల పదిహేనుకు స్టార్‌లో కట్టిన చిన్న మోటారును డెల్టాకు మార్చాలి, పాత మోటారుకేమో బయటికి మూడు తీగలే ఉంటాయి. వైండింగు విప్పి మిగతా మూడూ బయటికి లాగే ఓపికున్న వైండరును ముందే చూసి పెట్టుకోండి. మా బావమరిది ఇదంతా విని, "బావా, ఆన్‌లైన్‌లో చిన్న చైనా లేతు పెడితే ఇంటికే తెచ్చిస్తాడు కదా" అంటాడు. సరే, ఆ మాటకు జవాబు చెప్పను.

నిజానికి నాకు లేతు గురించి ఇంత మాట్లాడాలని లేదు. లేతును అందరూ అడుగుతారు. ఎవరూ అడగనిది షేపరు. దాని ధర తూకం ధర. పక్కన పెట్టిన తుక్కు రేటే దానికీ. మిల్లింగ్ మిషన్లు వచ్చాక దాన్ని ముసలిదని పక్కకు నెట్టారు. కంపెనీ వాడికి గంటకెన్ని ముక్కలు అన్నది లెక్క, నెట్టనివ్వండి. ఆదివారం మనిషికి తొందరేముంది? మిల్లింగ్ కట్టరు ఒకటి కొనే డబ్బుతో షేపరుకు ఏడాదంతా సరిపడే హైస్పీడు స్టీలు ముక్కలు వస్తాయి, మొద్దుబారితే గ్రైండరు మీద మనమే పదును పెట్టుకోవచ్చు. పుల్లీ లోపల కీ గాడి కొయ్యాలంటే బ్రోచు అక్కర్లేదు. ర్యాము నింపాదిగా ముందుకు వెళ్లి చెక్కుతుంది, ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు గబగబా వస్తుంది. పని లేనప్పుడు కాలం వృథా చెయ్యకూడదని దానికి తెలుసు, మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒక్కటే జాగ్రత్త: ఎదురుగా నిలబడకూడదు, వెనక గోడకూ ర్యాముకూ మధ్య అసలే నిలబడకూడదు.

మా వైపు ఒక ఇంజనీరింగు కాలేజీలో ఇలాంటివి వరసగా ఉండేవి. పిల్లలు ఏడాదికి నాలుగు సార్లు తిప్పి, నూనె రాసి పెట్టినవి, అరుగుదలే ఎరుగవు. ల్యాబు ఆధునికం చేస్తున్నామని వేలం వేశారు. ఒక్కటైనా ఇవ్వండి, తూకానికి పైన వేసి ఇస్తానని బతిమాలాను. లాటుగానే అమ్మాలట, విడిగా కుదరదట. పాడుకున్న తుక్కు కాంట్రాక్టరు లారీలో ఎక్కించడానికి వీలుగా గ్యాస్ కటరుతో అక్కడే నరికించాడు. బుల్ గేరు రెండు ముక్కలై మట్టిలో పడి ఉంటే, పైఅంతస్తు క్లాసులో అదే మిషను క్విక్ రిటర్న్ బొమ్మ బోర్డు మీద వేయిస్తున్నారు! పరీక్షలో ఇప్పటికీ వస్తుంది కదా, మార్కులుంటాయి. ఇన్నేళ్లయినా ఆ దారిన బస్సు వెళ్తే నేను రెండో పక్కకు తిరిగి కూర్చుంటాను.

షేపరును 1836లో కట్టినవాడు జేమ్స్ నాస్మిత్. జనం దాన్ని నాస్మిత్ ఉక్కు చెయ్యి అన్నారు. లండన్‌లో మాడ్‌స్లే దగ్గర పని నేర్చుకుని, మాంచెస్టరు పక్కన సొంత ఫౌండ్రీ పెట్టి, ఆవిరి సుత్తితో లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. నాకు ఆయన మీద అసూయ వీటికి కాదు. 1856లో, నలభై ఎనిమిదేళ్ల వయసుకే, చాలు అనుకుని పని మానేశాడు. మానేసి చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నాడు. కూర్చున్నాడని ఊరికే అనడం లేదు. టెలిస్కోపు ఎటు తిరిగినా కన్ను పెట్టే చోటు మారకుండా, ఇరుసు గుండా వెలుతురు బయటికి వచ్చేట్టు అమర్చుకుని, దానితో పాటే తిరిగే కుర్చీ బిగించుకున్నాడు. నిచ్చెనలెక్కే బాధ లేదు. హవాయిలోని కెక్ టెలిస్కోపుల్లో ఈ రోజుకీ ఆ ఏర్పాటును నాస్మిత్ ఫోకస్ అనే పిలుస్తారు.

చంద్రుడి గుంటలను ప్లాస్టరుతో బొమ్మలు చేసి, ఏటవాలు ఎండలో పెట్టి ఫొటోలు తీసి, కార్పెంటరు అనే మిత్రుడితో కలిసి 1874లో పుస్తకం వేశాడు. అందులో ముడతలు పడ్డ ఆపిల్ పండు ఫొటో, ముసలి చేతి వెనక వైపు ఫొటో పక్కపక్కనే ఉంటాయి. లోపలిది కుంచించుకుపోతే పైతోలు ఇలా ముడతపడి కొండలవుతుందని చెప్పడానికి. గుంటలన్నీ అగ్నిపర్వతాలే అన్నాడు. అది నిలబడలేదు, ఉల్కలు గుద్దుకుని పడ్డవే ఎక్కువని తర్వాత తేలింది. ఫొటోలకు మాత్రం వంక పెట్టలేం. ఆ టెలిస్కోపు అద్దం కూడా ఆయనే పోత పోసుకున్నాడు. గాజు కాదు, రాగి, తగరం కలిపిన తెల్లటి లోహం. పెళుసు సరుకు, చల్లార్చేటప్పుడు తొందరపడితే పగులుతుంది. కొన్నాళ్లకు మసకబారుతుంది, మళ్లీ మళ్లీ పాలిష్ చేసుకోవాలి. రిటైరైన మనిషిని పొద్దస్తమానం ఇంట్లోవాళ్లకు అడ్డం లేకుండా ఉంచడానికి అంతకన్నా మంచి లోహం లేదు.