చూరు కింది కొక్కేలు

"మీ ఊళ్లో వానే పడదు కదా, గటర్ ఎందుకు?"

మినీ ప్రాజెక్టుకి టాపిక్ చెప్పమన్నప్పుడు కోనసీమ నుంచి వచ్చిన ఫ్రెండ్ అడిగిన ప్రశ్న ఇది. పక్క టీమ్ డ్రోన్ అంది, ఇంకో టీమ్ సోలార్ అంది. నేనేమో "చూరుకు గటర్‌ని పట్టి ఉంచే క్లాంపులు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వినందుకు నాకేం బాధ లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం మంచిది. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను, అందుకే ఈ వ్యాసం.

మాది సోమందేపల్లి. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటాక వస్తుంది. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. కోనసీమలో దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. ఆ లెక్కన నా ఫ్రెండ్ అడిగింది న్యాయమే. అయితే ఈ 550 ఏడాదంతా పొదుపుగా పంచుకుని రాదు. నెలల తరబడి ఆకాశం వైపు చూపించి, సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో నాలుగైదు రాత్రుల్లో కుమ్మరించి పోతుంది. 2021 నవంబర్‌లో చిత్రావతి పొంగినప్పుడు వెల్దుర్తి దగ్గర చిక్కుకున్నవాళ్లను వైమానిక దళం హెలికాప్టర్‌లో బయటికి తేవాల్సొచ్చింది. కరువు జిల్లా అని పేరున్న చోట జరిగిన సంగతి ఇది. మా ఇంటి చూరుకు సగటు తెలియదు, ఆ రాత్రి ఎంత పడిందో అదే తెలుసు.

మా అవ్వ చిన్నప్పుడు ఊళ్లో ఎక్కువగా మట్టి మిద్దెలే. వానలకు ముందు మిద్దె మీద చవుడు పరిచి, నీళ్లు ఒక మూలకు పోయేట్టు వాటం చేసి, ఆ మూలన గోడ బయటికి పొడుచుకొచ్చేట్టు ఒక దోనె పెట్టేవాళ్లంట. కొందరికి రాతిది, కొందరికి రేకుది. మిద్దె నీళ్లన్నీ ఆ ఒక్క దోనె గుండా గోడకు దూరంగా పడేవి. తర్వాత బండల మిద్దెలొచ్చాయి, ఆ తర్వాత సిమెంటు రేకులు. రేకుల ఇంటికి నీళ్లు ఒక మూల నుంచి పడవు. రేకు అంచు ఎంత పొడవుంటే అంత పొడవునా పడతాయి. గోడ మొదట్లో నేల కోసుకుపోతుంది, చిమ్మిన నీళ్లు కిటికీలోంచి లోపలికొస్తాయి. అందుకని రేకు అంచు కింద పొడుగ్గా ఒక కాలవ కట్టాలి. అదే గటర్. అవ్వ ఇప్పటికీ దాన్ని దోనె అనే అంటుంది.

వేరే ఇళ్లకు ఇది చిన్న ఇబ్బంది. మగ్గం ఇంటికి కాదు. మాది గుంత మగ్గం. నాయన కూర్చుని కాళ్లు గుంతలోకి దింపి తొక్కుతాడు. ఇంట్లో అన్నిటికన్నా పల్లంలో ఉండేది ఆ గుంతే కాబట్టి గడప దాటిన నీళ్లు నేరుగా అక్కడికే పోతాయి. మా వైపు నేతవాళ్ల ఇళ్లల్లో గట్టి వాన పడిన మర్నాడు వినపడే మొదటి ప్రశ్న "గుంతలోకి నీళ్లొచ్చినాయా?"

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు మాకూ వచ్చాయి. అంతకు ముందు ఎండాకాలంలోనే ఒక మేస్త్రీ వచ్చి జీఐ రేకు గటర్ కట్టి పోయాడు. 24 అడుగుల గటర్‌కి నాలుగంటే నాలుగు క్లాంపులు. వాటిని రాళ్ల మధ్య మట్టి పొదిగిన పాత గోడకు మేకులతో కొట్టాడు. మే నెలలో చూస్తే తళతళా బాగానే ఉండేది. సెప్టెంబర్‌లో ఒక రాత్రి గంటసేపు ఏకధారగా కురిసింది. నడిమి క్లాంపు ఊడింది, గటర్ మధ్యలో విరిగినట్టు వంగి, అందులోని నీళ్లన్నీ మగ్గం పక్క కిటికీ మీద దిమ్మరించింది. చూరు నీళ్లు మామూలుగా పడినా అంత నష్టం ఉండేది కాదు. అన్నిటినీ ఒక చోటికి పోగుచేసి మరీ పోసింది.

పడుగులో ఇంకా రెండు చీరలు మిగిలున్నాయి. రంగు దిగి ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయింది. పట్టు ఇచ్చిన షావుకారు ఆ నష్టాన్ని తర్వాతి మజూరీల్లో కొంచెం కొంచెంగా పట్టుకున్నాడు. ఆ దసరాకు మా ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు లేవు. చీరలు నేసే ఇంట్లో!

నాయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, "వాన రాకుంటే కరువు, వస్తే గుంతలో నీళ్లు. యాది రావాలని మొక్కుకోవల్ల? గుంత పూడ్చేసి కంపెనీలో సెక్యూరిటీ పనికి పోతా" అన్నాడు. ఇది ఊరికే అన్న మాట కాదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక, దాని చుట్టూ ఇంకా కంపెనీలు వచ్చాక, మా వీధిలోనే గుంతలు పూడ్చి పైన బండలు పరిచిన ఇళ్లున్నాయి. ఒకసారి పూడ్చిన గుంతను మళ్లీ తవ్వినవాళ్లను నేను చూడలేదు.

అప్పుడొచ్చాడు వెల్డింగ్ మామ. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరందరికీ మామే. ఊడిపోయిన క్లాంపును చేతిలోకి తీసుకుని, వంకరపోని మేకును చూసి, "సూడు పాపా, మేకు వంగల్యా. పీక్కొచ్చింది" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు రెండేళ్ల తర్వాత స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసులో తెలిసింది.

లెక్క మీరూ వేసి చూడండి. మా గటర్ 150 మిల్లీమీటర్ల వెడల్పున్న అర్ధచంద్రాకారం. నిండితే మీటరుకు 8.8 లీటర్లు పడతాయి, అంటే 8.8 కిలోలు. 24 అడుగులంటే 7.3 మీటర్లు, మొత్తం 64 కిలోలు. ఒక పెద్ద మనిషి చూరు పట్టుకుని వేలాడినట్టు! నాలుగు క్లాంపుల్లో చివరి రెండూ తక్కువ మోస్తాయి, నడిమివి ఒక్కోటి 21 కిలోలు. ఈ 21 కిందికి మాత్రమే లాగితే మేకు తట్టుకునేదే. కానీ నీళ్ల బరువు గోడకు ఆనుకుని లేదు, నాలుగు అంగుళాలు ఎడంగా ఉంది. రెండు మేకుల మధ్య దూరమేమో రెండు అంగుళాలు. అంటే కింది మేకు దగ్గర ఇరుసు పెట్టినట్టు తిరిగి, పై మేకును 42 కిలోల బలంతో గోడలోంచి బయటికి లాగుతుంది. మేకు అడ్డంగా వచ్చే బరువును బాగా మోస్తుంది, తన దారిలోనే వెనక్కి లాగితే తేలిగ్గా ఊడొస్తుంది. అందులోనూ మట్టి గోడలోంచి.

ఇక రెండో సంగతి వంపు. బీమ్ మీద బరువు సమంగా పరుచుకుని ఉంటే, అది కిందికి వంగే కొలత రెండు ఆధారాల మధ్య దూరానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. దూరం రెట్టింపైతే వంపు 16 రెట్లు. పరీక్షలో రెండు మార్కులకు రాసే ఈ ముక్క చూరు కింద ఏం చేస్తుందంటే, వంగిన చోట నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్ల బరువుకు ఇంకా వంగుతుంది, వంగిన కొద్దీ ఇంకా నీళ్లు చేరతాయి. ఊడే దాకా ఇదే వరస.

మామకు ఈ సూత్రాలేవీ రావు. ఆయన చేసిన పని మాత్రం రెండింటికీ జవాబే. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ తెచ్చి, పైపు ముక్క మీద వంచి కొక్కెంలా చేశాడు. అలాంటివి నాలుగు కాదు, ఎనిమిది. వాటిని గోడకు కొట్టలేదు. రేకుల కింద వెళ్లే ఆఖరి యాంగ్లర్‌కు రంధ్రాలు వేసి, ఒక్కో కొక్కేన్ని రెండేసి బోల్టులతో బిగించాడు. "మేకు గోడను నమ్ముకోని ఉంటాది పాపా. బోల్టుకు అవతల పక్క నట్టు ఉంటాది" అన్నాడు. ఎనిమిది కొక్కేలంటే మీటరుకు ఒకటి పడింది. ఒక్కోదాని మీద బరువు 9 కిలోలకు తగ్గింది, వంపు దాదాపు 30 వంతుల్లో ఒక వంతుకు వచ్చింది.

వాటం పెట్టడం నాకు బాగా నచ్చిన పని. నీళ్ల ట్యూబుతో లెవల్ చూసి, మొదటి కొక్కేనికీ చివరి కొక్కేనికీ మధ్య ఒకటిన్నర అంగుళం తేడా పెట్టాడు. 200కి ఒకటి అన్నమాట. తర్వాత ఆ రెంటికీ మధ్య దారం లాగి కట్టి, మిగతా ఆరింటినీ ఆ దారానికి తగిలేట్టు బిగించాడు. దారం అడిగితే నాయన మగ్గం దగ్గర్నుంచి తెచ్చిచ్చాడు. మూడు రోజుల్లో ఆయన ఇష్టంగా చేసిన మొదటి పని అది.

చివరగా గటర్‌ను కొక్కేల్లో కూర్చోబెట్టి పైన చిన్న పట్టీ వేశాడు, కానీ బిర్రుగా బిగించలేదు. ఎందుకని అడిగాను. "ఎండకు సాగుతాది, చలికి ముడుచుకుంటాది. దానికి కొంచెం జాగా ఇయ్యల్ల" అన్నాడు. ఇదీ తర్వాత లెక్కేశాను. 40 డిగ్రీల తేడాకు మా ఇనుప గటర్ మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు పీవీసీ గటరైతే 20 మిల్లీమీటర్లు. ఇప్పుడు మా వైపు అందరూ పీవీసీకి మారుతున్నారు, తుప్పు పట్టదని. మంచిదే. కానీ దాన్ని స్క్రూలతో కదలకుండా బంధిస్తే, మా ఎండలకు రెండు మూడు వేసవుల్లో అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. క్లాంపు బరువును మోయాలి, సాగడాన్ని మాత్రం ఆపకూడదు.

కాలేజీకి వచ్చాక లైబ్రరీలో ఐఎస్ 2527 కనిపించింది. వాన నీటి గటర్లనూ కిందికి దిగే గొట్టాలనూ ఎలా బిగించాలో చెప్పడానికి 1984లో వెలువడిన భారతీయ ప్రమాణం అది. మన దేశంలో దీనికంటూ ఒక పుస్తకం ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ప్రపంచం మొత్తం మీద ఈ చిన్న ఇనుప ముక్కకు ఎన్ని రూపాలో! చూరు పలకకు బిగించేవి, వాసానికి బిగించేవి, గటర్ లోపలే దాగి బయటికి కనపడనివి, గోడలోకి దిగగొట్టి మరతో పైకీ కిందికీ సర్దుకునేవి. మంచు పడే దేశాల్లో గటర్‌లో గడ్డకట్టిన మంచు బరువును కూడా లెక్కలోకి తీసుకుంటారు. మా దగ్గర మంచు లేదు. దాని బదులు దుమ్ముంది, వేపాకు ఉంది. ఎనిమిది నెలలు ఎండిన గటర్‌లో అడుగున పేరుకున్న ఆ దుమ్ము మొదటి వానకు బురదై, నీటి దారికి అడ్డం పడుతుంది. కాబట్టి వాన తక్కువ పడే ఊళ్లో క్లాంపు బలహీనంగా ఉన్నా పర్లేదనుకోవడం తిరగబడ్డ లెక్క. కోనసీమలో గటర్ వదులైతే ఆ వారమే తెలుస్తుంది, బాగుచేస్తారు. మా ఊళ్లో అది ఊడిందాకా తెలియదు.

మాకు పక్కనే లేపాక్షి. అక్కడికి పోయినవాళ్లంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి ఆశ్చర్యపోతారు, నేనూ ఆశ్చర్యపోయాను. మా చూరు కింద వేలాడేదాన్ని మాత్రం ఎవరూ తలెత్తి చూడరు.

ఆ ఏడాది అక్టోబర్‌లో మళ్లీ కుమ్మరించింది. నాయన టార్చి పట్టుకుని పంచలో నిలబడి ఒక్కో కొక్కెం మీద వెలుగు వేస్తూ చూశాడు. ఎనిమిదీ ఎక్కడివక్కడ ఉన్నాయి. గొట్టం కింద పెట్టిన డ్రమ్ము నిండి పొర్లింది. మాకు అప్పుడే ఇంకో సంగతి తట్టింది. మా రేకుల కప్పు సుమారు 33 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వానకు 33 లీటర్లు. 50 మిల్లీమీటర్ల వానొస్తే 1,650 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు ఎనిమిది. బిందెల లెక్కన నీళ్లు చూసుకునే ఊళ్లో అన్నాళ్లూ అవి గోడను కోసుకుంటూ పోయాయి. ఇప్పుడు రెండు డ్రమ్ములున్నాయి, మూడోది కొనాలని అమ్మ పోరుతోంది.

మొత్తం పనికి అయిన ఖర్చు ఒక చీర మజూరీ కన్నా తక్కువ. గుంత పూడ్చే మాట నాయన మళ్లీ ఎత్తలేదు. ఎనిమిది కొక్కేలు మగ్గాన్ని కాపాడాయని చెప్తే అతిశయోక్తి అవుతుంది. మజూరీలు అలాగే ఉన్నాయి, పట్టు ధర అలాగే ఉంది. రేపు ఇంకో కారణం వల్ల నాయన మగ్గం దిగిపోవచ్చు. కానీ నాలుగు మేకుల వల్ల మాత్రం దిగిపోలేదు. ఇంజినీర్‌గా నేను చేయగలిగింది కూడా అంతే అనుకుంటా. మనిషి తన బతుకు తెరువును తానే వదులుకుంటే వదులుకోనీ, ఊడిపోయిన క్లాంపు దాన్ని వదిలించకూడదు.

రేకుల ఇళ్లున్న వాళ్లకు ఒక చిన్న పని చెప్తాను. ఆగస్టులో సెలవు దొరికి ఇంటికి పోయినప్పుడు నిచ్చెన వేసుకుని గటర్ లోపల చెయ్యి పెట్టండి. దుమ్ము, ఆకులు తీసేయండి. క్లాంపులు లెక్కపెట్టండి, మీటరుకు ఒకటి పడకపోతే ఇంకొన్ని వేయించండి. మేకులుంటే బోల్టులు పెట్టించండి. తర్వాత ఎగువ చివర రెండు బిందెల నీళ్లు పోసి, నీళ్లు ఎక్కడైనా ఆగుతున్నాయేమో చూడండి. ఆగిన చోట కొక్కేన్ని ఒక పావంగుళం పైకి లేపితే సరిపోతుంది. గంట పని. సెప్టెంబర్ వచ్చాక చేద్దామంటే వాన ఆగదు.