తిత్తి ఒకరిది, మెట్లు ఒకరివి

పియానో ఉన్న ఇల్లు మా గూడూరులో నేనైతే చూడలేదు. హార్మోనియం పెట్టెలు మాత్రం ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. కొన్ని భజనల్లో మోగుతుంటాయి, కొన్ని అటకెక్కి దుమ్ము తింటుంటాయి. మా ఇంట్లోది కూడా అటకెక్కాల్సిందే. ఎందుకు ఎక్కలేదో చెప్తాను.

మా తాత పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నటుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలో తెల్లారేదాకా అండగా ఉండడం ఆయన పని. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. హార్మోనియానికి రెండు చేతులూ కావాలి. ఒకటి తిత్తికి, ఒకటి మెట్లకు. "ఎవరికన్నా ఇచ్చేద్దాం, చోటన్నా మిగుల్తుంది" అన్నాడు నాయన. తాత ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సెలవుల్లో పెట్టె మూత విప్పాను. 42 మెట్లు, మెట్టుకు రెండు చొప్పున 84 ఇత్తడి రీడ్లు. ఒక్కో రీడూ మనం మెకానిక్స్‌లో లెక్కలు చేసే కాంటిలీవర్ బీమే! ఒక కొన బిగించి ఉంటుంది, రెండో కొన గాలికి ఊగుతుంది. ఊగే కొన దగ్గర కాస్త గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మొదట్లో గీకితే బిగువు తగ్గి శ్రుతి దిగుతుంది. గీకిన ఇత్తడి మళ్లీ రాదు కాబట్టి గీకడం ఆఖరి మాట. చాలాసార్లు రీడు పలకకపోవడానికి కారణం దుమ్మే. పల్చటి కాగితం నాలుక కింద దూర్చి మెల్లగా లాగితే చాలు. నోటితో మాత్రం ఊదకూడదు, తడి తగిలి ఇత్తడి చిలుము పడుతుంది.

ఒకే స్వరం పలకాల్సిన రెండు రీడ్లలో ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 442 అయితే సెకనుకు రెండుసార్లు శబ్దం పెరిగి తగ్గుతుంది. నేను ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని చూస్తుంటే, తాత మంచం మీంచే "అబ్బయ్యా, అది రవ్వంత దిగింది" అనేవాడు. యాపూ అదే చెప్పేది, కాకపోతే కాస్త ఆలస్యంగా!

మా వైపు అసలు శత్రువు తేమ. సముద్రం పెద్ద దూరం కాదు, పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. చెక్క ఉబ్బి మెట్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, నొక్కిన మెట్టు పైకి లేవదు. అలాగని ఎండలో పెడితే చెక్క పగులుతుంది. గోడకు ఆనించకుండా, గాలి తగిలే గదిలో ఉంచాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టెలో వేస్తున్నాను. మూసేముందు ఒక మెట్టు నొక్కి లోపలి గాలంతా వదిలేసి, అప్పుడు స్టాపులు మూయాలి. తిత్తి మడతల్ని ఎలకలు కొరక్కుండా చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వాయిస్తుండాలి.

1840ల తొలినాళ్లలో పారిస్‌లో పుట్టిన ఈ వాద్యాన్ని అక్కడ కాళ్లతో తొక్కుతూ వాయించేవాళ్లు. మన దేశంలో నేలమీద కూర్చుని, చేత్తో తిత్తి ఊదేలా మార్చుకున్నాం. గమకాలు పలకవని 1940లో ఆలిండియా రేడియో దీన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. రేడియో వద్దన్న ఆ ముప్పై ఏళ్లూ పద్యనాటకం దీన్ని వదల్లేదు.

శ్రుతి కుదిరిన రోజు తాత లేచి కూర్చుని, పెట్టె దగ్గరికి జరపమన్నాడు. ఎడమచెయ్యి తిత్తి మీద వేశాడు. "నువ్వు మెట్లు చూడు" అన్నాడు. అప్పట్నుంచి ఇంటికెళ్లినప్పుడల్లా అదే పద్ధతి. ఊపిరి ఆయనది, వేళ్లు నావి. నేను తడబడితే ఆయన గాలి తగ్గిస్తాడు, సర్దుకోగానే మళ్లీ పెంచుతాడు. పెట్టె ఇచ్చేసే మాట నాయన మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నాది ఫైనలియర్. ఉద్యోగం ఏ ఊళ్లో వస్తుందో తెలీదు. అందుకే మా చెల్లికి కాగితం దూర్చడం, గాలి వదలడం నేర్పాను. సరిగమలు తాత నేర్పుతున్నాడు. మీ ఇంటి అటక మీదా ఇలాంటి పెట్టె ఉంటే, ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు దించి చూడండి. వాయించినవాళ్లు ఇంట్లో ఉండగానే దించండి. ఏ రీడు దిగిందో వాళ్లే చెప్తారు.