చెక్కు మీద ఎవరి పేరు?

2024 వేసవి మొదట్లో ఒక శనివారం సాయంత్రం ఫ్రిస్కోలో తెలిసినవారింటికి భోజనానికి బయల్దేరాం. పేరుకు భోజనమే గానీ, అసలు సంగతి కాంగ్రెస్‌కు పోటీ చేస్తున్న ఒక రిపబ్లికన్ అభ్యర్థికి నిధులు పోగుచేయడం. మా ఆవిడ కారెక్కి కూర్చుంది. నేను గరాజ్ తలుపు వేస్తుంటే, మా వీధిలోనే రెండిళ్ళవతల ఉండే కుర్రాడు గబగబా వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇందులో ఐదొందలున్నాయి. నేను ఇవ్వకూడదంట కదా, వీసా మీద ఉన్నాను కాబట్టి. మీ చెక్కులో కలిపి రాసెయ్యండి. గ్రీన్‌కార్డు లైను గురించి మాత్రం ఒక్క మాట ఆయన చెవిన వెయ్యండి."

ఖమ్మం వైపు పిల్లవాడు. అప్పటికి పదకొండేళ్ళుగా హెచ్-1బీ మీద ఉన్నాడు. కొడుకు ఇక్కడే పుట్టాడు. వద్దని నేను అనలేదు. ఆలస్యమవుతోందన్న తొందర కొంత, కాదంటే చిన్నబుచ్చుకుంటాడేమో అన్న మొహమాటం కొంత. కవరు జేబులో పెట్టుకుని కారెక్కాను.

నేను కన్సర్వేటివ్‌నని చెప్పుకోవడానికి మొహమాటపడను. మన తెలుగు కూటముల్లో అలా అంటే కొందరు నవ్వుతారు, కొందరు గొంతు తగ్గించి "మేమూ అంతే" అంటారు. నా అభిప్రాయాలు టీవీ చూసి వచ్చినవి కావు. తెనాలి దగ్గర మా నాన్నకు చిన్న రైసుమిల్లు ఉండేది. ఆడించిన బియ్యంలో ఇంత భాగం లెవీ కింద ప్రభుత్వం చెప్పిన ధరకే ఇవ్వాలి. లైసెన్సు, రిజిస్టర్లు, తనిఖీలు సరేసరి. తనిఖీకి వచ్చిన అధికారి కాఫీ తాగి వెళ్తే మంచి రోజు, కాఫీ వద్దంటే ఖర్చున్న రోజు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్ను తక్కువగా ఉండాలి, మనిషి కష్టం మనిషికి మిగలాలి అన్న మాటలు ఈ దేశంలో మొదటిసారి విన్నప్పుడు నాకు మా మిల్లు వరండాయే గుర్తొచ్చింది.

అయితే ఆ వరండాలో నేను ఇంకొకటి కూడా చూశాను. ఒకసారి నిజాయితీపరుడైన అధికారి వచ్చాడు. పుస్తకాలు సరిగ్గా ఉంటే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. పెద్ద మిల్లులవాళ్ళకు ఆయన నచ్చలేదు. ఎమ్మెల్యే ఒక్క ఫోను చేస్తే బదిలీ అయిపోయాడు. నాన్న అనేవారు: "కదలని అధికారితోనూ కష్టమే, ఫోను కొడితే కదిలిపోయే అధికారితోనూ కష్టమే."

ఆ రోజు విందులో గుత్తివంకాయ, పులిహోర, రెండు రకాల బిర్యానీ. అభ్యర్థి పావుగంట మాట్లాడి, పది నిమిషాలు ఫొటోలు దిగారు. ఆ తర్వాత మగవాళ్ళమంతా పెరట్లో కూర్చున్నాక మాటలు పదవుల మీదకు మళ్ళాయి. ఇంటాయన లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాదులో పుట్టిన వినయ్ తుమ్మలపల్లి గారు 2009లో బెలీజ్‌కు రాయబారి అయ్యారు. ఆయన కాలేజీ రోజుల నుంచీ ఒబామాకు స్నేహితుడు, ఎన్నికల్లో నిధులు కూడా సేకరించి పెట్టారు. "అది డెమొక్రాట్ల వైపు. మన వైపునుంచీ మనవాళ్ళు రావాలి కదా," అన్నారు ఇంటాయన. రాష్ట్రంలో గవర్నరు నియమించే బోర్డుల్లో ఏదో ఒకదానిలో సభ్యత్వం వస్తే బావుండునన్న ఆశ ఆయనకు ఉందని అందరికీ తెలుసు. జీతం పెద్దగా ఉండదు. పేరు ముందు ఒక మాట చేరుతుంది, అంతే.

మన ఊళ్ళో దీనికి చక్కటి మాట ఉంది: నామినేటెడ్ పదవి. మార్కెట్ యార్డు ఛైర్మన్ నుంచి దేవస్థానం బోర్డు దాకా, ఎన్నికల్లో తిరిగినవాళ్ళు, ఖర్చుపెట్టినవాళ్ళు ఎదురుచూసేది దానికోసమే. అమెరికాలోనూ అధ్యక్షుడు మారితే మారే రాజకీయ పదవులు దాదాపు 4 వేలు, అందులో 12 వందలకు పైగా సెనేట్ ఆమోదం ఉండాలి. ఒకప్పుడు ఇంకా ఘోరం. పోస్టాఫీసు ఉద్యోగాలు కూడా పార్టీ పంచిపెట్టేది. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చినవాడు, తనకు రావాల్సిన పదవి ఇవ్వలేదని పగబట్టినవాడే. ఆ తర్వాతే, 1883లో, పరీక్షల మీద ఉద్యోగాలిచ్చే పెండిల్టన్ చట్టం వచ్చింది.

ఈ విషయంలో నా తోటి కన్సర్వేటివ్‌లు ఇవాళ రెండు మాటలు మాట్లాడుతున్నారు. జనం ఎన్నుకున్నది అధ్యక్షుణ్ణి గనుక ఆయన మాట వినని ఉద్యోగిని తీసేసే అధికారం ఆయనకు ఉండాలన్నది ఒక మాట. 2020 అక్టోబరులో షెడ్యూల్ ఎఫ్ పేరుతో వచ్చి, బైడెన్ రద్దుచేశాక 2025 జనవరిలో మళ్ళీ వచ్చిన ఉత్తర్వు వెనకున్న ఆలోచన ఇదే. దాదాపు 50 వేల మంది ఉద్యోగులు దాని కిందకు రావచ్చని ప్రభుత్వమే అంచనా వేసింది. అధికారం ఎవరి చేతిలో పోగుపడినా భయపడాలన్నది రెండో మాట, ఇంకా పాతది. నాన్న అన్న రెండు కష్టాలూ ఇవే. మొదటి వాదన చేసేవాళ్ళు కదలని అధికారిని చూసినవాళ్ళు. ఫోను కొడితే కదిలే అధికారిని కూడా చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ వాదన సగమే రుచిస్తుంది.

ఇంటికొచ్చాక చెక్కు రాద్దామని కూర్చున్నాను. ఆన్‌లైన్‌లోనో తర్వాత చెక్కు పంపో ఇవ్వచ్చన్నారు. జతపరచాల్సిన కాగితం చదివాను. మామూలుగా ఇలాంటివి చదవకుండానే సంతకం పెడతాం. అందులో స్పష్టంగా ఉంది: నేను అమెరికా పౌరుణ్ణి లేదా గ్రీన్‌కార్డు ఉన్నవాణ్ణి, ఈ డబ్బు నాది, దీన్ని నాకు ఎవరూ తిరిగి ఇవ్వరు.

డబ్బు నాది. ఆ మాట దగ్గర పెన్ను ఆగింది. కవరు ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

ఆ రాత్రి చట్టం సంగతి కొంత చదివాను. ఆ ఎన్నికల్లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,300 డాలర్ల వరకూ ఇవ్వచ్చు. 200 దాటితే పేరు, ఊరు, ఉద్యోగం, యజమాని వివరాలతో సహా ఫెడరల్ ఎన్నికల కమిషన్ దగ్గర అందరికీ కనబడతాయి. వీసా మీద ఉన్నవాళ్ళు ఒక్క డాలరూ ఇవ్వకూడదు. ఒకరి డబ్బును ఇంకొకరి పేరున ఇవ్వడం వేరే నేరం. ముంబయిలో పుట్టిన కన్సర్వేటివ్ రచయిత దినేశ్ డిసౌజా 2014లో ఆ నేరాన్నే ఒప్పుకున్నారు. తెలిసినవాళ్ళ చేత ఒక సెనేట్ అభ్యర్థికి 20 వేల డాలర్లు ఇప్పించి, ఆ డబ్బు తాను తిరిగిచ్చారు. ఎనిమిది నెలలు ప్రభుత్వ పర్యవేక్షణ కేంద్రంలో రాత్రులు గడపాలని, 30 వేల డాలర్ల జరిమానా కట్టాలని, ఐదేళ్ళు ప్రొబేషన్‌లో ఉండాలని శిక్ష పడింది. 2018లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. నాకెవరూ పెట్టరు.

అదే చట్టంలో ఇంకో వింత. అభ్యర్థికి నేరుగా ఇచ్చేదానికి పరిమితి ఉంది గానీ, అభ్యర్థి పెట్టే ఖర్చుకు లేదు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి అది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ఖర్చుపెట్టే కంపెనీలకు, సంఘాలకు కూడా హద్దు పోయింది. మన దేశంలో లెక్క తిరగేసి ఉంటుంది. లోక్‌సభ అభ్యర్థి పెద్ద రాష్ట్రాల్లో 95 లక్షలకు మించి ఖర్చుపెట్టకూడదంటారు గానీ, పార్టీ ఖర్చుకూ, వ్యక్తులు పార్టీకి ఇచ్చే చందాకూ హద్దు లేదు. పేర్లు దాచిన ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలోనే కొట్టేసింది.

డబ్బు ఖర్చుపెట్టడం కూడా మాట్లాడే స్వేచ్ఛలో భాగమేనన్న వాదనను నేను చాలాకాలం సమర్థించాను. ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ప్రభుత్వం నా గొంతుకు కొలత పెట్టడం నాకిష్టం లేదు. కానీ 2024లో ఇలాన్ మస్క్ ఒక్కరే పాతిక కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టారు. మరుసటి ఏడాది మొదట్లో ఆయనే ప్రభుత్వ ఖర్చులు కోసే పనిలో కూర్చున్నారు. మా పార్టీలోనే జాష్ హాలీ లాంటి సెనేటర్ కంపెనీల డబ్బును ఆపాలని 2023లో బిల్లు పెట్టారు. ఇంకోవైపు, పార్టీలు అభ్యర్థులతో కలిసి పెట్టే ఖర్చు మీద ఉన్న హద్దు కూడా తీసేయాలని జె.డి.వాన్స్ తదితరులు వేసిన కేసును 2025 జూన్‌లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. చిలుకూరి వారి అల్లుడని మనం మురిసిపోయే ఆయనే. ఇక ఈ లెక్కలన్నీ చూడాల్సిన ఎన్నికల కమిషన్‌లో ఆరుగురు ఉండాలి, నిర్ణయానికి కనీసం నలుగురు కావాలి. ఖాళీలు నింపకపోవడంతో 2025 మేలో ముగ్గురే మిగిలారు. అధికారిని మార్చడం ఒక పద్ధతయితే, కుర్చీ ఖాళీగా ఉంచడం ఇంకో పద్ధతి.

మర్నాడు పొద్దున్నే కవరు తీసుకుని ఆ కుర్రాడింటికి వెళ్ళాను. సంగతి చెప్పి చేతిలో పెట్టాను. మొహం చిన్నబోయింది.

"పన్నులు కడుతున్నాను. సోషల్ సెక్యూరిటీకి కోస్తున్నారు. మా వాడు ఇక్కడి పౌరుడు. ఐదొందలు ఇస్తే నేరమా అన్నా? మరి నా గోడు ఎవరికి చెప్పుకోవాలి?"

నా దగ్గర మంచి జవాబు లేదు. ఉత్తరం రాయడానికి, ఫోను చెయ్యడానికి పౌరసత్వం అక్కర్లేదని మాత్రం చెప్పాను. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చెయ్యడానికీ అడ్డులేదు. అతను తలూపాడు గానీ, నమ్మినట్టు లేదు. నేను నా ఐదొందలకు నా పేరున చెక్కు రాసి పంపాను.

డిసెంబరులో సెలవులకని ఆస్టిన్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఒక రాత్రి ఫోను నా ముందు పెట్టింది. కమిషన్ వెబ్‌సైట్లో నా పేరు, నా కంపెనీ పేరు, 500. "ఇది నువ్వేనా నాన్నా?" అంది. నేనే అన్నాను. అవే రోజుల్లో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను ట్రంప్ కృత్రిమ మేధ సలహాదారుగా ప్రకటిస్తే, మా పక్షంలోనే పెద్ద గొడవ లేచింది. మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, స్టీవ్ బానన్ లాంటివాళ్ళు ఇంకోవైపు. "చూశావా, నీ డబ్బు ఎవరికి వెళ్తోందో?" అంది అమ్మాయి. ఇంట్లో వాదులాట ఉండటం ఆరోగ్యమే అన్నాను. అది పెద్దరికంతో తప్పించుకోవడమని ఇద్దరికీ తెలుసు.

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన మీద సంతకం అయింది. ఆదివారం నుంచే అమలు. ఆ కుర్రాడు అప్పుడు వాళ్ళమ్మగారి కంటి ఆపరేషన్‌కని ఖమ్మంలో ఉన్నాడు. మాకు అర్ధరాత్రి ఫోను. అతని భార్య పక్కనుంచి ఏడుస్తోంది, పిల్లవాడు ఇక్కడ, మా ఇంట్లో, మా ఆవిడ పక్కన నిద్రపోతున్నాడు. మర్నాటికల్లా ఇది కొత్త దరఖాస్తులకేనని, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు కాదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కానీ ఆ రాత్రి మాకెవరికీ ఆ సంగతి తెలియదు. ఫోనులో అతను అన్న మాట ఒకటి నన్ను వదల్లేదు.

"మనం డబ్బిచ్చిన పార్టీయే కదన్నా?"

మనం. అతని డబ్బు నేను తిరిగిచ్చేశాను. అయినా 'మనం' అన్నాడు.

సోమవారం నేను చందా ఇచ్చిన ఆ సభ్యుడి కార్యాలయానికి ఫోను చేశాను. ఎత్తిన అమ్మాయి ఎంత చందా ఇచ్చారని అడగలేదు, జిప్‌కోడ్ అడిగింది. అది నాకు కొంచెం ధైర్యమిచ్చింది. తర్వాత ఉత్తరం రాశాను. ఒక కన్సర్వేటివ్‌గానే రాశాను. 2012లో ఒబామా కాంగ్రెస్‌ను పక్కనపెట్టి డాకా తెచ్చినప్పుడు మనం తప్పన్నాం. బైడెన్ విద్యార్థుల అప్పులు మాఫీ చేయబోతే, అంత అధికారం కాంగ్రెస్ ఇవ్వలేదని 2023లో సుప్రీంకోర్టు ఆపింది, మనం సంతోషించాం. లక్ష డాలర్ల రుసుము అంటే పన్నులాంటిదే. దాన్ని ఒక సంతకంతో వేయవచ్చునా? హెచ్-1బీలో మోసాలు లేవని నేను అనను, ఉన్నాయి, మనవాళ్ళు చేసినవీ ఉన్నాయి. వాటిని చట్టం మార్చి ఆపండి. కొలబద్ద మాత్రం ఎవరు కుర్చీలో ఉన్నా ఒకటే ఉండాలి.

అమ్మాయి ఆ ఉత్తరం చదివి, "ఇంత రాశావు, మరి పార్టీ మారవా?" అంది. మిల్లు వరండా గుర్తున్నంతకాలం మారను అన్నాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు, అని. అందరికీ పంపేదే.

కుర్రాడు క్షేమంగా తిరిగొచ్చాడు. ఇప్పుడు తన ఉత్తరం తనే రాస్తున్నాడు, నేను భాష సరిచేస్తున్నాను.

మొన్న ఆ ఇంటాయన మళ్ళీ ఫోను చేశారు. 2026 ఎన్నికలకు విందు పెడుతున్నారట, పరిమితి 3,500 అయిందట. వస్తాను గానీ, చెక్కు కంటే ముందు ఆయన్ని ఒక ప్రశ్న అడుగుతానన్నాను.

"అడుగు, అడుగు," అన్నారాయన. "కాకపోతే భోజనాలయ్యాక."