రోమ్ రాజుల కాసులు... మన ఆడవాళ్ళ మెడలు!

పుత్తూరు పేరు చెప్పగానే మీకు గుర్తొచ్చేది ఎముకల కట్టే కదా! చెయ్యి విరిగినా, కాలు బెణికినా ఎక్కడెక్కడి నుంచో జనం మా ఊరికి వస్తారు. తీరిక ఉన్నవాళ్ళు పక్కనే ఉన్న నారాయణవనం గుడి, కైలాసకోన జలపాతం చూసుకుని పోతారు. వీటితోపాటు మాకు ఇంకో సౌకర్యం ఉంది. తిరుపతి నుంచి చెన్నై పోయే రైలుదారిలో ఉన్నాం. పొద్దున్నే రైలెక్కితే నగరి, తిరుత్తణి, అరక్కోణం దాటి చెన్నైలో దిగి, ఎగ్మూరు మ్యూజియం చూసి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు. ఈసారి పెళ్ళిబట్టలకని చెన్నై పోయినప్పుడు ఒక పూట అక్కడికి పొండి. బట్టలతోపాటు నగల గురించి కూడా కొంత తెలుసుకుని వస్తారు.

ఏం నగలంటారా? రోమ్ చక్రవర్తుల బొమ్మలున్న కాసులు. రెండు వేల ఏళ్ళనాడు ఓడలెక్కి మన దేశానికి వచ్చినవి!

నెల్లూరు రైతుకు దొరికిన కుండ

మా పుత్తూరుకు ఒకవైపు చెన్నై అయితే ఇంకోవైపు నెల్లూరు. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే పాత గుడి ఆనవాళ్ళు. దాని కింద చిన్న కుండ, కుండలో బంగారు నాణేలు! ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా పూనుకుని ముప్పై పైచిలుకు నాణేలు మాత్రం తిరిగి సంపాదించాడు. అవి ట్రాజన్, హేడ్రియన్ అనే రోమ్ చక్రవర్తులవీ, ఫాస్టీనా అనే రాణివీ.

అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ దొర ఈ సంగతంతా రాసి పెట్టాడు. కొన్ని నాణేలు నిన్న మొన్న అచ్చు వేసినట్టు మెరుస్తున్నాయట. కొన్ని బాగా అరిగిపోయి, వాటికి చిల్లులు పొడిచి ఉన్నాయట. చేతికి కట్టుకున్నవో, మెడలో వేలాడదీసుకున్నవో అయ్యుంటాయని ఆయన అనుకున్నాడు. ఏరుకోమంటే ఆయన రెండు తీసుకున్నాడు. ఒకటి హేడ్రియన్‌ది, ఇంకొకటి ఫాస్టీనాది.

ఆ చిల్లుల మాట వినగానే మనకు తోచేది ఏమిటి? కాసులపేరే కదా! రోమ్‌లో సరుకులు కొనేందుకు అచ్చు వేసిన డబ్బు ఇక్కడ ఎవరో ఒకావిడ మెడలో నగ అయింది.

మన సరుకు, వాళ్ళ బంగారం

అంత దూరం నుంచి ఇన్ని కాసులు ఎందుకొచ్చాయి? మన మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్టలు రోమ్ వాళ్ళకు ప్రాణం. మచిలీపట్నం ప్రాంతాన్ని ఆనాటి గ్రీకు నావికులు మసాలియా అనేవారు, అక్కడి నూలుబట్టల గురించి రాసుకున్నారు. ప్లినీ అనే రోమన్ పండితుడు దాదాపు 1,950 ఏళ్ళ కిందటే లెక్కలు వేసి వాపోయాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఒక్క భారతదేశానికే పోతున్నాయన్నాడు. వంద సెస్టర్సులకు ఒక బంగారు కాసు. అంటే ఏడాదికి 5 లక్షల కాసులన్నమాట! పైగా మా ఆడవాళ్ళ సోకులకు ఇంత ఖర్చవుతోందని తప్పు వాళ్ళ మీదకు తోశాడు. మిరియాల రసం తాగింది ఆడవాళ్ళొక్కరేనా, మీరే చెప్పండి!

అగస్టస్ చక్రవర్తి నాటి బంగారు కాసు 7.8 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మనం ఇవాళ కాసు బంగారం, సవరన్ అంటున్న 8 గ్రాములకు దగ్గరగా ఉంది చూశారా! తర్వాత 64వ సంవత్సరంలో నీరో చక్రవర్తి బరువు తగ్గించాడు.

మన తెలుగు నేలలో ఇవి ఎన్నో చోట్ల దొరికాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. 1889లో వినుకొండలో బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలోనూ దొరికాయి. సంగారెడ్డి జిల్లా కొండాపురం తవ్వకాల్లో మరీ ముచ్చటైనవి ఉన్నాయి. రోమన్ నాణెం ముద్రను మట్టి బిళ్ళల మీద వేసి, దారం ఎక్కించుకోవడానికి కుండలం పెట్టి కాల్చారు. బంగారం కొనలేని ఇల్లాలికి మట్టి కాసు! ఇవాళ మనం ఒన్‌గ్రామ్ గోల్డ్ పెట్టుకోవడం లేదూ?

ఇంకో మాట. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఒక స్తంభం మీద శాసనం ఉంది. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఆ స్తంభాన్నీ, 170 దీనారి మాసకాలనూ మహాచైత్యానికి ఇచ్చిందని అందులో ఉంది. రోమన్ వెండి నాణెం పేరు దెనారియస్. అదే మన నోట దీనారం అయింది. అలా ఆ నాణెం పేరు ఒక రాణి దానంలో నిలిచిపోయింది.

మ్యూజియంలో ఏం చూడాలి?

ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో ఉన్న ఈ ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు బయలుదేరకండి. దక్షిణాదిన దొరికిన రోమన్ నాణేలు చాలావరకు చేరింది ఇక్కడికే. ఏ మ్యూజియంలోనూ అన్నీ ఒకేసారి బయట పెట్టరు గనుక, నాణేల విభాగంలో ఆ రోజు ఏవుంటే అవి నిదానంగా చూడండి.

మొదట అంచులు చూడండి. మిషను కోతలా గుండ్రంగా ఉండవు. కాచిన బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అందుకే చేత్తో తట్టిన అరిసెల్లాగా ఏ రెండూ ఒక్కలా ఉండవు. బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది. తర్వాత ముఖం చూడండి. ముక్కు, గడ్డం, తల మీద ఆకుల దండ... ఒక్కో రాజుకు ఒక్కో పోలిక. అగస్టస్ వెండి నాణేనికి వెనకవైపు ఆయన మనవలు గయస్, లూషియస్ డాళ్ళు పట్టుకుని నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం వెనక ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఉంటుంది.

ఫాస్టీనా కనిపిస్తే మాత్రం వెంటనే కదలకండి. తల్లీ కూతుళ్ళిద్దరిదీ ఒకే పేరు. తల్లి జడలల్లి నడినెత్తిన కొప్పుగా చుట్టుకుంటుంది. కూతురు మెడ దగ్గర ముడి వేసుకుంటుంది. పాయలతో సహా లెక్కపెట్టొచ్చు! కొన్ని నాణేల మీద రాజు ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. 1898లో పుదుక్కోటలో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువ వాటికి ఇలాంటి గాట్లే. లోపల మంచి లోహమేనా అని చూసుకున్నారని కొందరు, ఇక చెలామణి కాకూడదని కొట్టేశారని కొందరు అంటారు.

వచ్చేటప్పుడు అమరావతి శిల్పాల గది కూడా చూడండి. ఆ కాలపు మన ఆడవాళ్ళు ఏం నగలు పెట్టుకున్నారో రాతి మీదే కనిపిస్తుంది.

చింతపండు జోలికి పోకండి!

ఇప్పుడు మన వంటింటి సంగతి. పాత రాగి నాణెం చేతికొస్తే మన చెయ్యి చింతపండు వైపే పోతుంది. దయచేసి ఆగండి. బంగారానికి చిలుము పట్టదు, అందుకే నెల్లూరు కాసులు అంత కొత్తగా కనబడ్డాయి. వెండి నల్లబడుతుంది. రాగి, కంచు మీద ఆకుపచ్చ, గోధుమ రంగుల పొర ఏర్పడుతుంది. ఆ పొర పైనుంచి అంటుకున్న మురికి కాదు. లోహమే వందల ఏళ్ళు మట్టిలో ఉండి అలా మారింది. రాజు ముక్కు, అక్షరాలు ఆ పొరలోనే ఉన్నాయి. పులుపు పెట్టి తోమితే పొరతోపాటు ముఖమూ పోతుంది. బూడిద, పళ్ళపొడి వేసి రుద్దితే వెండి మీద గీతలు పడతాయి. నాణేలు సేకరించేవాళ్ళు ఈ పొర నున్నగా, గట్టిగా ఉంటే మురిసిపోతారు. లేత పచ్చగా పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది నాణేన్ని తినేస్తున్న జబ్బు. దాన్ని విడిగా, తడి తగలకుండా పెట్టి మ్యూజియం వాళ్ళకు చూపించాలి. ఏ నాణేన్నైనా అంచులు పట్టుకునే ఎత్తండి, పొడి కాగితంలో చుట్టి పెట్టండి.

అమ్మమ్మల కాసులపేరు మార్పిడికి ఇచ్చే ముందు కూడా ఒక్కో కాసూ తిప్పి చూడండి. లక్ష్మీదేవి ఉండొచ్చు, విక్టోరియా రాణి ఉండొచ్చు. తెలియని ముఖం ఉంటే కరిగించే తొందర పడకుండా తెలిసినవాళ్ళకు చూపించండి. తూకం ధర ఎప్పుడైనా వస్తుంది, ముఖం కరిగితే మళ్ళీ రాదు.

పొలంలోనో, పునాదిలోనో దొరికితే దాచుకోకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. వేరే హక్కుదారు లేరని తేలితే దొరికినవాళ్ళకూ, నేల యజమానికీ వాటా ఉంటుంది. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి ఇస్తుంది. చెప్పకుండా దాస్తే వాటా పోవడమే కాదు, శిక్ష కూడా పడుతుంది. 1972 చట్టం వల్ల ఇలాంటి పురాతన వస్తువులను మనం సొంతంగా విదేశాలకు పంపకూడదు.

ఆ నెల్లూరు కుండలో మొత్తం ఎన్ని కాసులుండేవో ఎవరూ చెప్పలేరు. కరిగినవాటిలో ఎందరు ఫాస్టీనాలు ఉండేవారో! మిగిలిన ఆ ముప్పై పైచిలుకు నాణేల వల్లే ఈ కథ మనదాకా వచ్చింది. మీ ఇంట్లో పాత డబ్బీ ఉంటే ఇవాళ మధ్యాహ్నం పని కాగానే ఒకసారి తెరిచి చూడండి.