ఒకే పెట్టెలో రెండు కాపురాలు

పిల్లలూ, ఒకే ఇంట్లో రెండు కుటుంబాలు కాపురం ఉండటం మీరు చూసే ఉంటారు. ముందు వాటాలో ఒకరు, వెనక వాటాలో ఒకరు. వీధి తలుపు ఒకటే, నుయ్యి ఒకటే, వసారాలో గడియారం కూడా ఒకటే. ఎవరి గదుల్లో వాళ్ళుంటే ఏ పేచీ లేదు. కాని ఒకరి గదిని మరొకరిదనుకుని లోపలి సామాను బయట పారేస్తే? మా కంప్యూటరులో సరిగ్గా అదే జరిగింది. పారేసింది మరెవరో కాదు, నేనే. మీలో కొందరు రేపో మాపో ఇదే పనికి పూనుకోవచ్చు గనక, ఆ సంగతి దాచకుండా మీకు చెబుతాను.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు ఉన్నది. మీట నొక్కితే అక్షరం పడాలన్నా, తెరమీద బొమ్మ కనిపించాలన్నా, లోపల ఒక పెత్తందారు ఉండి అందరిచేతా పని చేయించాలి. ఆ పెత్తందారునే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మా పెట్టెలో ఆ పని విండోస్ 10 చేస్తూ వచ్చింది. అది 2015లో వెలువడింది. దానికి మామూలుగా అందే రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని, తయారుచేసిన మైక్రోసాఫ్ట్ వారు ముందుగానే చెప్పారు. పోనీ విండోస్ 11 పెట్టుకుందామా అంటే, దానికి కావలసిన హంగులు మా పెట్టెలో లేవు. ఇన్నేళ్ళు చాకిరీ చేసిన ఎద్దును ముసలిదైందని తోలేయటానికి ఏ రైతుకు మనసొప్పుతుంది? నాకూ ఒప్పలేదు.

ఆ ఏడు దసరా సెలవులకు మా మేనకోడలు వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్నది.

"మామయ్యా, లైనక్స్ పెట్టి చూద్దాం. విండోస్‌ను తీసెయ్యక్కర్లేదు. రెండూ ఉంచుకోవచ్చు. కంప్యూటరు వెలిగించినప్పుడల్లా ఏది కావాలో అదే అడుగుతుంది," అన్నది.

లైనక్స్ కథ కొంచెం మీకు కూడా తెలియాలి. ఫిన్లండు దేశంలో, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఉండేవాడు. 1991లో, తనకు ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు, తన కంప్యూటరు కోసం తనే ఒక పెత్తందారును రాయటం మొదలుపెట్టాడు. ఆగస్టు 25న ఆ సంగతి తోటివారికి తెలియజేస్తూ, ఇది కేవలం సరదాకే చేస్తున్నానని రాశాడు. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ఆయన, అందరూ స్వేచ్ఛగా వాడుకునే కంప్యూటరు పనిముట్లు తయారుచేస్తామని ప్రకటించి పని సాగిస్తున్నాడు. ఆ పనిముట్లూ, ఈ కుర్రవాడు రాసినదీ ఒకదానికొకటి సరిగ్గా అతికినై.

వంట రుచిగా ఉన్నదంటే కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు ఎలా చేశారో కూడా చెబుతారు. లైనక్స్ రెండో రకం. దాన్ని ఎలా రాశారో ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు. అందుకే ప్రపంచంలో వేలాదిమంది దానికి చేయి వేశారు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్న కీలకభాగం లైనక్సే. 2017 నవంబరులో చూస్తే, ప్రపంచంలోకెల్లా వేగమైన 500 కంప్యూటర్లూ దానిమీదనే నడుస్తున్నై. 2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహం మీద ఎగిరిన ఇంజెన్యూటీ అనే చిన్న హెలికాప్టరులో కూడా అదే ఉన్నది. సరదాకు మొదలైన పని అంగారకుడి దాకా పోయింది!

లైనక్స్‌లో చాలా రకాలున్నై. మేము లైనక్స్ మింట్ అనేదాన్ని తీసుకున్నాం. ఎనిమిది జీబీల ఖాళీ పెన్‌డ్రైవు ఒకటి దొరికితే చాలు. అయితే ఫైలును మామూలుగా కాపీ చేస్తే పనిచెయ్యదు. అందుకోసమే ఉన్న ఒక పనిముట్టుతో పెన్‌డ్రైవు మీదికి ఎక్కించాలి. అప్పుడు ఆ పెన్‌డ్రైవులో పాతవి ఏమున్నా తుడిచిపెట్టుకుపోతై. తరువాత దాన్ని గుచ్చి, కంప్యూటరును దానిమీద నుంచి లేవమంటే, హార్డ్ డిస్కును ముట్టుకోకుండానే లైనక్స్ తెరమీదికి వస్తుంది. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవు లాగెయ్యటమే. పెళ్ళికి ముందు పెళ్ళిచూపుల లాటిది.

మా మేనకోడలు భాష మార్చి తెలుగు పెట్టింది. పట్టికల్లో తెలుగు మాటలు ప్రత్యక్షమైనై. అక్కడక్కడా ఇంగ్లీషు మాటలు అలాగే ఉండిపోయినై. "ఇవెందుకు మిగిలినై?" అంటే, "ఎవరో ఒకరు తీరిక చేసుకుని తెలుగు చేస్తేనే తెలుగవుతుంది మామయ్యా. ఇవి ఇంకా ఎవరూ చెయ్యలేదు," అన్నది. మాట వినిపించింది, పాట వినిపించింది, వైఫై అందింది. రెండు రోజులు అలాగే వాడి, ఇక పెట్టేసుకుందామని నిశ్చయించుకున్నాం.

ఇక్కడ మా అమ్మను గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ఇప్పుడు లేదు. బతికి ఉన్నప్పుడు ఆమెకు లెక్కలేనన్ని పొడుపుకథలు వచ్చు. కవ్వం మీదా, కల్లుప్పు మీదా, తాటిపండు మీదా, ఏ వస్తువు చూపిస్తే దానిమీద ఒకటి విప్పేది. ఆమె చెబుతూ ఉంటే మా మేనకోడలూ, నేనూ కంప్యూటరులో ఎక్కించాం. నూటపన్నెండు కథలు, తొమ్మిది ఫైళ్ళు. అవి డి అనే భాగంలో ఉన్నై.

హార్డ్ డిస్కును ఇంటిని గదులు చేసినట్టు భాగాలు చేస్తారు. మా డిస్కు 500 జీబీలు. సి గదిలో విండోస్ కాపురం. డి గదిలో మా సామాను. సి చివరి నుంచి 50 జీబీలు తగ్గించి, ఆ ఖాళీ చోటు లైనక్స్‌కు ఇవ్వాలని మా ఆలోచన. సి గదిలో ఉన్న ఫోటోలకు వేరే డిస్కు మీద నకలు తీశాం. డి జోలికి పోవటం లేదు గదా అని దానికి నకలు తియ్యలేదు. ఇది నా మొదటి తప్పు.

ఆ సాయంకాలం మా మేనకోడలు పక్కవీధిలో బొమ్మల కొలువు చూడటానికి వెళ్ళింది. అది వచ్చేసరికి పని పూర్తిచేసి ఆశ్చర్యపరుద్దామనుకుని నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. ఇది రెండో తప్పు.

విండోస్ పక్కనే పెట్టమని అడిగితే చోటు దానంతటదే చూసుకునే దారి ఒకటి ఉన్నది. నేను పెద్ద తెలిసినవాడిలాగా, చోటు నేనే చూపిస్తానన్నాను. తెరమీద గదుల జాబితా వచ్చింది. అందులో సి లేదు, డి లేదు! విండోస్ పెట్టిన ఆ పేర్లు లైనక్స్ వాడదు. దాని లెక్కలో ఎస్‌డీఏ ఒకటి, ఎస్‌డీఏ రెండు, ఎస్‌డీఏ మూడు. నేను లెక్క కట్టాను: ఒకటి సి, రెండు డి, కనక మూడు మా కొత్త ఖాళీ చోటు. కొలతలు కూడా పక్కనే రాసి ఉన్నై కాని, జీబీల్లో కాక ఎంబీల్లో ఆరేసి అంకెల వరసలుగా ఉన్నై. వాటిని చదవటానికి బద్ధకించాను. "మూడో గదిని శుభ్రం చెయ్యబోతున్నాను, సరేనా?" అన్నట్టు మరోసారి అడిగింది కూడా. సరే నొక్కాను.

తీరా చూస్తే విండోస్ తన సొంత అవసరానికి మొదట ఒక చిన్న గది కట్టుకుని ఉన్నది. అది మామూలుగా మన కంటపడదు. అదీ ఒకటి. సి రెండు. డి మూడు! కొత్త చోటుకు అసలు అంకే లేదు, ఖాళీ అని మాత్రమే రాసి ఉన్నది.

మా మేనకోడలు వచ్చి విండోస్ తెరిచింది. డి కనిపించలేదు. "మామయ్యా, అమ్మమ్మ పొడుపుకథలేవీ?" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. అది గదిలోకి పోయి తలుపు వేసుకున్నది.

మా ఊరి కాలేజీలో కంప్యూటర్లు చూసే స్నేహితుడొకడు ఉన్నాడు. అతనికి ఫోను చేశాను. "ముందు ఆ కంప్యూటరు ఆపెయ్యి. దానిమీద ఇంకొక్క అక్షరం కూడా పడకూడదు," అన్నాడు.

ఎందుకో చెబుతాను, వినండి. పుస్తకానికి విషయసూచిక ఉన్నట్టే డిస్కు మీద ప్రతి గదికీ ఒక సూచిక ఉంటుంది. ఏ ఫైలు ఏ చోట ఉన్నదో అందులో రాసి ఉంటుంది. గదిని శుభ్రం చేశామంటే చాలాసార్లు ఆ సూచిక చించి కొత్తది పెట్టటమే. లోపలి పేజీలు వెంటనే పోవు. వాటిమీద కొత్త రాత పడినప్పుడే పోతై. లైనక్స్ ఆ పెద్ద గదిలో ఒక మూల మాత్రమే ఆక్రమించింది. తక్కిన చోట పాత పేజీలు ఇంకా ఉండవచ్చు. మాది తిరిగే పళ్ళేలున్న పాతరకం డిస్కు కావటం కూడా మేలైంది. ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం వాటిలో ఇలా దొరకటం చాలా కష్టం.

మర్నాడు అతను వచ్చి, మా లైనక్స్ పెన్‌డ్రైవు మీదనుంచే కంప్యూటరును లేపి, ఫోటోరెక్ అనే పనిముట్టును నడిపించాడు. అది సూచికతో పని లేకుండా డిస్కును మొదటి నుంచి చివరిదాకా తడుముతుంది. చాలారకాల ఫైళ్ళకు ఆరంభంలో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును పట్టి ఫైళ్ళను ఏరుతుంది. దొరికినవాటిని అదే డిస్కు మీద పెట్టకూడదు గనక వేరే డిస్కు మీద పెట్టించాడు. రాత్రంతా ఏరింది. వేలకొద్దీ ఫైళ్ళు వచ్చినై. కాని ఒక్కదానికీ పేరు లేదు! పేర్లు ఉండేది సూచికలో; సూచిక పోయింది. ఎఫ్ అనే అక్షరం, దాని వెనక అంకెలు, అంతే.

మా మేనకోడలూ, నేనూ మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే తెరిచాం. మొదటి పొడుపుకథ కనిపించినప్పుడు అది నాతో మళ్ళీ మాట్లాడింది. తొమ్మిది ఫైళ్ళలో ఏడు దొరికినై. రెండు దొరకలేదు. వాటిమీదనే లైనక్స్ కాపురం పెట్టినట్టుంది. అందుకు లైనక్స్‌ను ఏమనగలం? చోటు చూపించినవాణ్ణి నేను. పోయిన సామానును తవ్వి తీయటానికి సాయం చేసింది కూడా అదే.

తరువాత ఇద్దరం కలిసి, కొలతలు రెండేసిసార్లు చదువుకుని, లైనక్స్‌ను దాని 50 జీబీల్లో పెట్టాం. డి గదిని మళ్ళీ విండోస్‌కు ఇచ్చాం. కంప్యూటరు వెలిగించగానే పట్టిక వచ్చి, ఎవరు కావాలని అడిగింది.

అయినా ఒక వింత మిగిలింది. ఒకనాడు పొద్దున లైనక్స్‌లో పని చేసుకుని, తొమ్మిది గంటలకు విండోస్ తెరిస్తే గడియారం మూడున్నర చూపించింది. సరిచేశాను. మర్నాడు మళ్ళీ అంతే. నేను బాటరీ అయిపోయిందన్నాను. మా మేనకోడలు కాసేపు ఆలోచించి, "ఎప్పుడూ అయిదున్నర గంటలే తేడా ఎందుకు రావాలి? మన కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి గదా! డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన గ్రీన్విచ్ కాలం కన్న మనం అయిదున్నర గంటలు ముందు," అన్నది.

అది చెప్పిందే నిజం. మన కాకినాడ దగ్గరగా పోయే ఆ రేఖే మా గడియారంలో కూర్చున్నది. కంప్యూటరు ఆపేసినా లోపల ఒక చిన్న గడియారం నడుస్తూనే ఉంటుంది. విండోస్ దానిలో ఊరి కాలం ఉంచుతుంది. లైనక్స్ అంతర్జాతీయ కాలం ఉంచి, చూపించేటప్పుడు అయిదున్నర గంటలు కలుపుతుంది. ఒకరు పెట్టిన గడియారాన్ని మరొకరు తమ పద్ధతిలో చదివితే తేడా రాదా? ఊరి కాలమే ఉంచమని లైనక్స్‌కు ఒక్క ఆజ్ఞ ఇచ్చాం. తగువు తీరింది.

చూశారా? గదుల పేర్ల దగ్గరా, గడియారం దగ్గరా జరిగింది ఒకటే. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ఎవరి లెక్క వారిది. ఒకరి లెక్కను మరొకరి లెక్క అనుకోవటమే నా తప్పు. మీరూ లైనక్స్ పెట్టి చూడండి, భయం లేదు. ముందు పెన్‌డ్రైవు మీద చూడండి. పెద్దవాళ్ళతో చెప్పండి. జోలికి పోనిదానికి కూడా నకలు తియ్యండి. తెర అడిగే ప్రశ్నను చివరిదాకా చదివి, అర్థం కాకపోతే ఆగండి. ఆగినందువల్ల ఎవరికీ ఏమీ పోలేదు.

ఇప్పుడు అమ్మ పొడుపుకథలు మూడు చోట్ల ఉన్నై. ఒక నోటుబుక్కులో చేత్తో కూడా రాసుకున్నాం. పోయిన రెండు ఫైళ్ళలో ఇరవైనాలుగు కథలుండేవి. మా అక్కయ్యనూ, పిన్నినీ అడిగి పదిహేను గుర్తుతెచ్చుకున్నాం. తొమ్మిది అంకెల ఎదురుగా నోటుబుక్కులో ఇంకా ఖాళీయే ఉన్నది. సెలవులకు వచ్చినప్పుడల్లా మా మేనకోడలు ఆ పుస్తకం తీసి చూస్తుంది. కిందటిసారి వచ్చినప్పుడు ఒకటి నింపింది. ఇంకా ఎనిమిది.