‘బి’ అక్షరం కింద మన మాటలు

న్యూఢిల్లీ విశాల వీధులలో మంత్రులు, పార్లమెంటు సభ్యులు నివసించే తెల్లని ఇండ్లను బంగళాలంటారు. లుట్యెన్స్ పేరు మీద ప్రసిద్ధి కెక్కినా, వీటిలో అధికభాగం ఆర్.టి. రస్సెల్ ప్రభృతుల సృష్టి. 1911లో రాజధాని మార్పు ప్రకటించి, 1931లో నగరాన్ని ప్రారంభించిన దొరలు అధికార వైభవానికి చిహ్నంగా నిలిపిన ఈ కట్టడాలకు పేరిచ్చింది మాత్రం గడ్డికప్పు వేసిన ఒంటి అంతస్తు పూరిల్లు! ‘బంగ్లా’ అంటే బెంగాలుకు చెందినదని అర్థం. ఆ మాటే ఇంగ్లీషు నోట ‘బంగలో’ అయినది.

ఇంగ్లీషు నిఘంటువులో ‘బి’ అక్షరం తెరిస్తే ఇటువంటి బంధువులు పలువురు ఎదురవుతారు. చేతిగాజు ‘బ్యాంగిల్’ హిందీ ‘బంగ్రీ’ నుండి, మెడకు చుట్టే ‘బందనా’ ముడులు వేసి అద్దకం చేసే ‘బాంధ్‌నూ’ నుండి వచ్చినవి. ఇవి అలంకారప్రాయమైన అరువులు. వీటి మధ్యనే ఒక చేదు మాట ఉన్నది.

హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎ.సి. బర్నెల్ కలసి కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం 1886లో వెలువడినది. బర్నెల్ అప్పటికి నాలుగేండ్ల క్రితమే మరణించాడు. అందులో ‘బాయ్’ అనే మాటకు రెండు వేళ్లు చూపారు. ఒకటి ఇంగ్లీషు మాటే. దానికి బాలుడనే అర్థంతోపాటు సేవకుడనే అర్థమూ మధ్యయుగాల నుండి ఉన్నది. రెండవది పల్లకీ మోసే మన ‘బోయీ’. రెండూ ఒకే విధంగా వినిపించడంతో, నెరసిన తలల బోయీలు సైతం దొరల పిలుపులో కుర్రవాళ్లయిపోయారు. మనిషి వయస్సునూ వృత్తి పేరునూ ఒక్క కేకలో తుడిచివేసిన మాట మరొకటి కనిపించదు.

ఇక అచ్చంగా తెలుగువారిది ‘బ్యాండికూట్’. పందివలె గుర్రుమనే పెద్ద ఎలుక మన పందికొక్కు. గాదెలు కొల్లగొట్టే ఈ ప్రాణి మన భాషలో లంచగొండికి ఉపమానం కూడా: వాడు పందికొక్కులా మేస్తున్నాడంటే ఇక వివరణ అక్కరలేదు. ఈ మాట 18వ శతాబ్దం చివర ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరినది. అక్కడి పొడవు మూతి జంతువును చూసి తెల్లవారు ఆ పేరే పెట్టారు. నిజానికి అది ఎలుక కాదు, కంగారూ వలె పొట్టసంచిలో పిల్లలను పెంచే జాతి. 1996లో ఒక వీడియో ఆట నాయకునికీ ఈ పేరు దక్కింది. ఆ ఆట ఆడిన తెలుగు పిల్లలలో ఎందరు తమ ఇంటి మాటను గుర్తించారో!

అనువాదకునికి చిక్కు ఇక్కడనే. ఆస్ట్రేలియా కథలోని ‘బ్యాండికూట్’ను పుట్టింటి పేరుతో పందికొక్కని వ్రాస్తే, పాఠకుని కళ్లముందు కదిలేది ధాన్యపు దొంగ; కథలోని సాధుజంతువు కాదు. కనుక తెలుగునుండి వెళ్లిన మాటను తెలుగులోనే ‘బ్యాండికూట్’ అని వ్రాసి, కింద సంచి గల జంతువని వివరణ ఇవ్వవలసి వస్తున్నది.